కారం వద్దన్నవాళ్ళు

పైరగాలి, 2వ రోజు

భోజనాలు 411. నిన్న 412.
అన్నం ఒక తట్ట మిగిలింది. పప్పు మిగల్లేదు. మిరపకాయల బుట్టలో 38. కారం వద్దన్నవారు 7.

క్రేను నడిపే దావీదు పొద్దున చనిపోయాడు. వయసు నలభై నాలుగు. ఆసుపత్రిలో చేరి పదకొండు రోజులే అయింది. నిన్న గంజి పంపితే రెండు చెంచాలు తాగాడట.

ఊరంతా ఒకటే మాట. చివరి రోజు దాకా అతని కడియం పచ్చగానే ఉందని. మా గాలిపాడులో పుట్టినవాళ్ళకు పేరు కంటే ముందు కడియం పడుతుంది. నిద్ర లేచి దాన్ని చూసుకోవడం మొహం కడుక్కోవడం లాంటిది. పచ్చగా ఉంటే పనికి పోతాం. పసుపైతే డాక్టరు దగ్గరికి పోతాం. ఎరుపైతే డాక్టరే మన దగ్గరికి పరిగెత్తుకొస్తుంది. దావీదు పచ్చ కడియంతోనే క్రేను మీద సొమ్మసిల్లాడు.

సొరకాయలు రేపటికి చాలవు. ఒడ్డు పడవ గురువారం గానీ రాదు. మేడమీది పాదులో నాలుగు కోయాలి.

పైరగాలి, 5వ రోజు

భోజనాలు 411. కారం వద్దన్నవారు 7.

లెక్కల కింద ఖాళీ ఉంటే నాలుగు ముక్కలు రాయడం నా అలవాటు. మాట్లాడటం కంటే ఇది సులువు. నాకు చదువు ఎవరూ చెప్పలేదు. సరుకు సంచుల మీద మాటలు చూసి ఇరవై రెండో ఏట నేర్చుకున్నాను. నేను రాసిన మొదటి మాట కందిపప్పు.

ఈ రోజు ఒడ్డు మనుషులు రిజిస్టరు తనిఖీకి వచ్చారు. అందరి మెస్సుల్లో ఉండే గళ్ళన్నీ ఉన్నాయి గానీ ఈ 'కారం వద్దన్నవారు' ఏమిటని అడిగారు. అలవాటండీ అన్నాను. అసలు సంగతి చెప్పలేదు. ఆరేళ్ళ కిందట ఒకాయన నా పండుమిరపకాయల పచ్చడిని చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. పల్నాడు నుంచీ బాపట్ల నుంచీ వచ్చినవాళ్ళు సముద్రం మీద కట్టుకున్న ఊరు ఇది. గాలిమరలు తిప్పుకుంటూ, వాటికి నూనె పోసుకుంటూ, నెలలకు బదులు గాలుల పేర్లతో రోజులు లెక్కపెట్టుకుంటూ బతుకుతున్నాం. అలాంటి ఊళ్ళో పచ్చడి వద్దంటాడా అని కోపం వచ్చి ఆయన పేరు రాసి పెట్టుకున్నాను. తర్వాత కోపం పోయింది. గడి మిగిలింది.

మరల పని చేసే నాంచారమ్మ ఈ రోజు కూడా పెరుగన్నమే తిన్నది.

పైరగాలి, 9వ రోజు

భోజనాలు 411. అందులో ఆసుపత్రికి క్యారేజీ 1.

అచ్యుతం మాస్టారు బడిలో పాఠం చెబుతూ కుర్చీలోంచి జారిపోయారు. కడియం పచ్చగా ఉంది. ఈసారి డాక్టరమ్మ ఆలస్యం చెయ్యలేదు. దావీదు జబ్బు బయటపడినప్పుడు ఒడ్డు నుంచి పది పరీక్ష పట్టీలు తెప్పించిందట. మాస్టారి వేలు గుచ్చి ఒకటి వాడింది. అదే జబ్బు. హెచ్ఐవి.

గంజి క్యారేజీ నేనే తీసుకుపోయాను. మాస్టారు నా రిజిస్టరు తిరగేసి తప్పులు దిద్దేవారు. ఈ కలం కూడా ఆయనిచ్చిందే.

డాక్టరమ్మ పేరు మెహజబీన్. ఈ ఊరికి వచ్చి రెండు నెలలు కాలేదు. వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. భోజనం చేశారా అని అడిగాను. నేను అడగగలిగిన ప్రశ్న అదొక్కటే. ఆవిడ కడియం సంగతి చెప్పింది.

"దీనిలో రెండువందల పన్నెండు జబ్బులకే చోటుంది పరంజ్యోతి గారూ. కొత్తది ఎక్కించాలంటే పాతది ఒకటి దించాలి. హెచ్ఐవిని దించి ఇరవై ఆరేళ్ళయింది. ఇక ఎవరికీ రావట్లేదు కదా అని."

"మరి వచ్చిందిగా?"

"వస్తానే ఉంది. మనమే చూడటం మానేశాం."

"మందు లేదా?"

"ఆరు నెలలకో ఇంజెక్షను. ముందే తెలిస్తే అది చాలు, అందరిలాగే ముసలాళ్ళవుతారు. ఇద్దరికీ తెలిసిన రోజే వేశాను. కానీ ఒంట్లో కాపలా కణాలు ఐదువందలకి పైన ఉండాలి. దావీదుకి తొమ్మిది మిగిలినాయి. మాస్టారికి ఇరవై రెండు. ఇంత ఆలస్యంగా బయటపడ్డవాళ్ళకి మొదటి మూడు నెలలే గండం. అది దాటితే భయం లేదు."

సాయంత్రం ఆవిడకు ఉల్లిపాయ పకోడీ పంపాను. ఖాళీ గిన్నె తిరిగొచ్చింది.

పైరగాలి, 24వ రోజు

భోజనాలు 410.

మాస్టారు వెళ్ళిపోయారు. పిల్లలు బడి గంట కొట్టకుండా దాని కింద వరసగా నిలబడ్డారు.

మధ్యాహ్నం వడ్డన అయ్యాక రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. ఆయన పేరు ఎక్కడెక్కడ ఉందో చూద్దామనిపించింది. కారం వద్దన్నవారి గడిలో ఉంది. బడిలో పడిపోయిన రోజుకు ముందు తొంభై ఆరు రోజులు వరసగా ఉంది. అంతకుముందు ఒక్క రోజు కూడా లేదు.

దావీదు పేరు వెతికాను. ఆసుపత్రిలో చేరే ముందు నూట పద్దెనిమిది రోజులు.

ఆసుపత్రికి పోయి మాస్టారి నోట్లో ఏముండేదని అడిగాను. తెల్లటి పూత అని చెప్పింది డాక్టరమ్మ. కాపలా తగ్గినప్పుడు వస్తుందట. గొంతు లోపలిదాకా పాకుతుందట. ఉప్పు తగిలినా మండుతుందట. ఎందుకని అడిగితే ఊరికే అన్నాను.

తిరిగొచ్చి ఆ గడిలో ఈ వారం పేర్లు చదివాను. ఆరుగురు. వాళ్ళలో ఐదుగురు ఏళ్ళ తరబడి చప్పిడి తినేవాళ్ళే. ఆరో పేరు నాంచారమ్మ. ఇరవై తొమ్మిది రోజులు.

పైరగాలి, 25వ రోజు

భోజనాలు 410. చారులో ఉప్పు రెండుసార్లు పడింది. తప్పు నాది.

నాంచారమ్మ మరలెక్కే మనిషి. వయసు నలభై మూడు. రెక్క విరిగినా ఇరుసు పట్టేసినా ఆమే పైకి పోవాలి. మెస్సుకు వస్తే నలుగురి మాటలు ఒక్కతే మాట్లాడుతుంది. బుట్టలోంచి నాలుగు పచ్చిమిరపకాయలు తీసుకుని చెవిలో పువ్వులా ఒకటి పెట్టుకుని మిగతావి కొరుక్కుంటూ పోయేది.

డాక్టరమ్మతో చెబుదామనుకున్నాను. కానీ మెస్సు గోడ మీద ఒక నియమం ఉంది. ఎవరు ఏం తిన్నారో, ఎంత తిన్నారో బయట చెప్పకూడదు. రాసింది నేనే. కాబట్టి ముందు ఆ మనిషికే చెప్పాలి.

ఎలా మొదలుపెట్టాలో తెలియక బియ్యం చెరుగుతూ నాలుగైదు రకాలుగా అనుకుని చూశాను. ఉల్లిపాయలు ఒలిచే సౌభాగ్యమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. చెవులు మాత్రం పదహారేళ్ళవి.

"ఎవురితో మాట్టాడతన్నావురా అబ్బాయ్?"

"బియ్యంతో."

"బియ్యంతో అయితే 'నీకు కోపం రాకపోతే ఒక మాట' అంటావా? ఆ మాటేందో ఆవిడకే పోయి చెప్పు. ఆరేళ్ళ నుంచీ చూస్తన్నా, మీ ఇద్దరినీ చూడలేక నాకు కళ్ళు పోతన్నాయి."

ఆమె వేరే సంగతి అనుకుంది. నేను సరిదిద్దలేదు.

పైరగాలి, 26వ రోజు

భోజనాలు 410. అందులో పదిహేడో మర పైకి క్యారేజీ 1.

నాకు ఎత్తులంటే భయం. సామాను లిఫ్టులో కళ్ళు మూసుకుని మర నడుము దాకా పోయాను. అక్కడ చిన్న అరుగు ఉంది. దానిమీద నిచ్చెనకు వీపు ఆనించి నాంచారమ్మ కూర్చుని ఉంది. రొప్పుతోంది.

"ఎవరదీ, జ్యోతయ్యా? ఏందయ్యా, దారి తప్పావా? మెస్సు కిందుంది."

"క్యారేజీ తెచ్చా."

"ఎవురికన్నా ఎప్పుడన్నా పైకి క్యారేజీ తెచ్చావా నువ్వు? నిజం చెప్పు, ఎవురన్నా పోయారా?"

"లేదు."

"అయితే కళ్ళు తెరువు. నువ్వు పడితే ఏరుకోటానికి ఇప్పుడు నేను దిగలేను."

తెరిచాను. నాలుగు వైపులా సముద్రమే. మళ్ళీ మూశాను. ఆమె క్యారేజీ విప్పిన చప్పుడు వినిపించింది.

"పెరుగన్నం. ఒక్క మిరపకాయన్నా పెట్టలేదే!"

"నువ్వు తినటం లేదుగా."

"నోరు పూసిందిలే. తగ్గిపోద్ది."

"ఎన్నాళ్ళయింది?"

"ఏమో. వారమో, పది రోజులో."

"ముప్పై ఒకటి."

ఆమె నమలడం ఆపింది. నేను సంచిలోంచి రిజిస్టరు తీశాను. అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. వేలుపెట్టి చూపించాను. దావీదు, నూట పద్దెనిమిది. మాస్టారు, తొంభై ఆరు. నువ్వు, ముప్పై ఒకటి. తెల్లపూత సంగతి చెప్పాను. తొమ్మిది, ఇరవై రెండు అనే అంకెల సంగతి చెప్పాను. నా జన్మలో అన్ని మాటలు వరసగా మాట్లాడలేదు.

ఆమె తన కడియం నా మొహం ముందు పెట్టింది. "చూడు. గడ్డిలాగా పచ్చగా ఉంది."

"దావీదుది కూడా."

ఆమె క్యారేజీకి మూత పెట్టేసింది.

"నిచ్చెనెక్కుతుంటే ఆయాసమొస్తంది," అంది మెల్లగా. "వయసైపోయిందిలే అనుకున్నా."

"వాళ్ళకంటే నువ్వు ముందున్నావు. చాలా ముందున్నావు. అందుకే ఎక్కాను."

ఆమె రిజిస్టరు నా చేతుల్లోంచి లాక్కుని వెనక్కి తిప్పింది. తిప్పుతూనే ఉంది.

"ఇదేందిది? పక్కన చిన్నగా 'నా 4', 'నా 4', 'నా 5'?"

"బుట్ట లెక్క సరిపోవాలిగా."

"ఇక్కడ 'నా' అంటే నేనేనా?"

"ఊఁ."

"రోజూ నా మిరపకాయలు లెక్కెట్టావా? మిగతా వాళ్ళవి లేవేం?"

నేను సముద్రం వైపు చూశాను. కళ్ళు తెరిచే చూశాను.

"మూగోడివనుకున్నా," అంది ఆమె. "పద, దిగుదాం. పరీక్ష కోసమే దిగుతన్నా, నీ మొహం చూసి కాదు."

పైరగాలి, 27వ రోజు

భోజనాలు 410. అందులో ఆసుపత్రికి క్యారేజీ 1.

ఉంది. కాపలా కణాలు నూట నలభై. ఊపిరితిత్తుల్లో చెమ్మ పట్టింది కాబట్టి చేర్చుకోవాలంది డాక్టరమ్మ. ఇంజెక్షను ఈ రోజే వేసింది. "నూట నలభై అంటే పోరాడొచ్చు," అని నాకు చెప్పింది. నాంచారమ్మ చెప్పమందట.

ఆసుపత్రిలో నాలుగు మంచాలున్నాయి. దావీదు, మాస్టారు ఇద్దరూ రెండో మంచం మీదే పోయారు.

"ఆ మంచం నాకొద్దమ్మా డాక్టరమ్మా," అని నాంచారమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "దాని మీద ఎవురికీ కలిసి రావట్లా. కిటికీ పక్కదియ్యి. నా మరలు నాకు కనపడాలి. ఆ పదకొండో దానికి నూనె సరిగ్గా పొయ్యరు దొంగసచ్చినోళ్ళు."

జబ్బు ఎలా వచ్చిందని నేను అడగలేదు. మెస్సులో మనిషిని ఎక్కడ తిరిగొచ్చావని అడగం. ఆకలేస్తోందా అని అడుగుతాం.

నా రిజిస్టరులో ఆ మూడు వరసలు డాక్టరమ్మ ఒడ్డుకు రాసి పంపుతానంది. ఊరందరికీ పరీక్ష పట్టీలు కావాలని దావీదు పోయినప్పుడే అడిగిందట. కడియాలు పచ్చగా ఉన్నప్పుడు ఎందుకని వాళ్ళు జవాబిచ్చారట. పేర్లు తీసేసి రోజుల లెక్క మాత్రం రాసిచ్చాను. నాంచారమ్మ "నా పేరుంచినా పర్లేదు" అంది.

పైరగాలి, 31వ రోజు

భోజనాలు 410. దోసకాయ పచ్చడి బాగా పోయింది.

సామాన్ల గది గుమాస్తా వచ్చి నాంచారమ్మకు క్యారేజీ వెళ్ళే కంచం, గిన్నెలు వేరుగా పెట్టమన్నాడు. కలిసి తింటే అంటుకోదని డాక్టరమ్మ మెస్సు గుమ్మంలో రెండుసార్లు చెప్పింది. ఈయన రెండుసార్లూ లోపల కూర్చుని తింటూనే ఉన్నాడు.

నాకంటే ముందు సౌభాగ్యమ్మ అందుకుంది.

"వేరుగా ఎందుకు నాయనా? నిన్న మధ్యాన్నం ఆవిడ తిన్న కంచం కడిగి రాత్రి నీకే పెట్టా. రెండోసారి అన్నం కూడా అడిగావు. అరిగిందా, లేదా?"

వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అతను కంచం వంక చూసుకుని, చివరికి అతనూ నవ్వాడు. పెరుగు ఒక గరిటె ఎక్కువ వేశాను.

పైరగాలి, 36వ రోజు

భోజనాలు 410. ఆలస్యంగా.

పట్టీలు వచ్చాయి. నాలుగువందల యాభై. ఆసుపత్రికి రమ్మంటే సగం మంది రారని, మెస్సు వరసలోనే గుచ్చుదామని డాక్టరమ్మ ఆలోచన. కంచం తీసుకునే ముందు వేలు చాపాలి. ఫలితం మాత్రం ఎవరిది వాళ్ళకే, సాయంత్రం ఆసుపత్రిలో చెబుతుంది.

మొదట ఎవరూ కదల్లేదు. సౌభాగ్యమ్మ ఉల్లిపాయల చెయ్యి కొంగుకు తుడుచుకుని ముందుకొచ్చింది.

"గుచ్చు తల్లీ. ఈ వయసులో నాకు ఉందని తేలితే ఊరంతా నా గురించి వంద కథలు చెప్పుకోవాల. ఆ భాగ్యం నాకెక్కడిది!"

ఆ తర్వాత వరస కదిలింది. చివర నేను నిలబడ్డాను. సూది చూస్తే తల తిరిగింది. ఎదుటి ఆసుపత్రి కిటికీలోంచి చూస్తున్న నాంచారమ్మ, "మర ఎక్కినోడివి, సూదికి భయమా?" అని అరిచింది. ఆమె గొంతు మెస్సు దాకా వినపడటం చాలా రోజుల తర్వాత ఇదే.

కారం గడిలోని మిగతా ఐదుగురికీ ఏమీ లేదని వాళ్ళే వచ్చి చెప్పారు. ఒకరికి కడుపులో పుండు. ఒకరికి కట్టుడు పళ్ళు. ఒకాయన పిల్లకు జ్వరం తగ్గితే కారం మానేస్తానని మొక్కుకున్నాడట. పిల్లకు ఇప్పుడు పెళ్ళీడు వచ్చింది. మిగిలిన ఇద్దరికీ నా వంట నచ్చదట. అది కూడా రాసుకున్నాను.

పైరగాలి, 37వ రోజు

భోజనాలు 410.

ఊళ్ళో ఇంకో ఇద్దరికి ఉందట. ఎవరో డాక్టరమ్మ చెప్పలేదు, నేను అడగలేదు. కాపలా నిండుగా ఉందట. నిన్న సాయంత్రమే ఇంజెక్షను వేయించుకుని ఈ రోజు పనికి పోయారట. వాళ్ళు ఆసుపత్రి మంచం ఎక్కాల్సిన పని లేదు.

"కారం మానెయ్యని వాళ్ళేనా?" అని మాత్రం అడిగాను.

"మీ బుట్టలోంచి రోజూ తీసుకునేవాళ్ళే. మీ గడిలోకి పేరు ఎక్కేసరికే జబ్బు ముదిరినట్టు పరంజ్యోతి గారూ. మీ గడి మంచిదే. కానీ దానికంటే ముందే పట్టుకోవాలి."

నిజమే. ఏటా ఒకసారి మెస్సు వరసలో అందరికీ గుచ్చుదామని ఒప్పందం చేసుకున్నాం. ఆ రోజు పాయసం ఉంటుందని నేను మాటిచ్చాను. లేకపోతే రారు.

పైరగాలి, 44వ రోజు

నాంచారమ్మకు పొద్దున్నే జ్వరం వచ్చింది. మధ్యాహ్నానికి ఊపిరి అందలేదు. ముక్కుకు గొట్టం పెట్టారు.

మందు పనిచేయడం మొదలుపెట్టిందట. నిద్రలేచిన కాపలావాళ్ళు లోపల దాక్కున్న రోగాలన్నిటి మీదా ఒకేసారి విరుచుకుపడ్డారట. ఆ గొడవకు ఒళ్ళు తట్టుకోవాలట. మంచికే జరిగే చెడు అంది డాక్టరమ్మ. ఆవిడ మంచం పక్క నుంచి కదల్లేదు.

ఈ రోజు లెక్క రాయలేదు.

పైరగాలి, 45వ రోజు

అలాగే ఉంది. క్యారేజీ తీసుకుపోయి తిరిగి తెచ్చాను.

పైరగాలి, 46వ రోజు

వంట సౌభాగ్యమ్మ చేసింది. నేను కిటికీ పక్క స్టూలు మీద కూర్చున్నాను. ఆమెకు మాటలు లేవు. నాకు ఎప్పుడూ లేవు. పదకొండో మర కీచుమంటోంది. నూనె పొయ్యలేదు. బయటికి పోయి ఆ సంగతి చెప్పి, పోసేదాకా కింద నిలబడి వచ్చాను. చప్పుడు ఆగాక నాంచారమ్మ కళ్ళు తెరవకుండానే వేలు కొద్దిగా ఎత్తింది.

పైరగాలి, 49వ రోజు

భోజనాలు 410. అందులో క్యారేజీ 1. గంజి మొత్తం తాగింది.

జ్వరం దిగింది. గొట్టం తీసేశారు. మొదటి మాట నాతోనే.

"మూడ్రోజులు లెక్క రాయలేదంట. సౌభాగ్యమ్మ చెప్పింది. నేను పోతాననుకున్నావా?"

"నాలుగువందల తొమ్మిది అని రాయాల్సొస్తుందేమోనని..."

"ఆఁ? రాయాల్సొస్తే?"

"చెయ్యి రాలేదు."

ఆమె గోడ వైపు తిరిగింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని లేచి చూస్తే నవ్వుతోంది. రెండూ కావచ్చు.

వానగాలి, 6వ రోజు

భోజనాలు 410. క్యారేజీలు లేవు. మిరపకాయల బుట్టలో 51. కారం వద్దన్నవారు 5.

ఈ రోజు మధ్యాహ్నం నాంచారమ్మ తన కాళ్ళతో మెస్సుకు వచ్చింది. సన్నబడింది. చీర ఒంటి చుట్టూ ఇంకో చుట్టు తిరిగింది. కాపలా కణాలు రెండువందల పది. గండం దాటడానికి ఇంకా నెలా పది రోజులు ఉందని డాక్టరమ్మ గుర్తు చేస్తూనే ఉంది. మర ఎక్కడానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. కింద నిలబడి పైనున్నవాళ్ళను తిట్టడానికి ఒప్పుకుంది.

వరసలో అందరితోపాటే నిలబడింది. ముందుకు రమ్మని దారి ఇస్తే రాలేదు. వంతు వచ్చాక అన్నం, పప్పు వేశాను. పెరుగు గరిటె ముంచబోతే చెయ్యి అడ్డం పెట్టింది. బుట్టలో చెయ్యి పెట్టి చాలాసేపు వెతికి ఒకే ఒక్క కాయ తీసింది.

"డాక్టరమ్మ ఏమంది?" అన్నాను.

"నోరు శుభ్రంగా ఉందంది. నీ ఇష్టం అంది."

కొరికింది. మెస్సు అంతా తినడం ఆపి చూస్తోంది. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, ముక్కు ఎర్రబడింది.

"మండుతోందా?"

"మండుద్ది మరి, మిరపకాయేగా! ఇదివరకు మండినట్టు కాదు. మామూలు మంట." కళ్ళు తుడుచుకోకుండా నా వంక చూసింది. "రాసుకోవేం? 'నా' పక్కన ఖాళీగా ఉంది."

కలం తీశాను. అప్పుడు ఆమె కొరకగా మిగిలిన సగం కాయ అందరి ముందూ నా ఎదుట చాపింది. వరసలో సామాన్ల గది గుమాస్తా ఉన్నాడు. డాక్టరమ్మ ఉంది. సౌభాగ్యమ్మ ఉల్లిపాయ చేత్తో పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తోంది.

తీసుకుని తిన్నాను. బాగా ఘాటుగా ఉంది. ఈసారి నారు మంచిది.

రిజిస్టరులో అరకాయకు గడి లేదు. పక్కన చిన్నగా రాశాను.

నా అర. నాంచారమ్మ అర. మొత్తం ఒకటి.